పెండ్లి అయినంక పత్రిక పంచుడేంది?

పెండ్లి పత్రిక పెండ్లికి ముందుగాల పంచుతరు. ఊర్ల సాటింపు పని అయినంక ఏయరు, ముందు దినమే డప్పు కొట్టి చెప్తరు. పంచాంగం సుత ఉగాది నాడు చదివితెనే దానికి ఇలువ. ఇవి చదువురాని ముసలవ్వకు తెలిసిన ముచ్చట్లే. కానీ పీహెచ్‌డీలు చేసినోళ్లు నడిపే యూనివర్సిటీల కాడికి వచ్చేసరికి లెక్క తారుమారైతది. సెమినార్ అయిపోయినంక, శాలువాలు కప్పినంక, భోజనాలైనంక అప్పుడు వెబ్‌సైట్‌లో ఫొటోలు ఎక్కుతయి.

నమ్మకపోతే ఇప్పుడే ఫోన్ తీయుండ్రి. నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి దిక్కోళ్లైతే మహాత్మాగాంధీ యూనివర్సిటీ సైట్, పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట దిక్కోళ్లైతే పాలమూరు యూనివర్సిటీ సైట్ తెరువుండ్రి. హైదరాబాద్‌ల చదివేటోళ్లు వాళ్లది వాళ్లు తెరువుండ్రి. ఒక్కటే ప్రశ్న పట్టుకొని ఎతకాలె: వచ్చే పదిహేను దినాలల్ల ఈ క్యాంపస్‌ల ఏమేం కార్యక్రమాలున్నయి, అండ్ల నేను పోదగ్గయి ఏవి? మూడు నిమిషాలల్ల జవాబు దొరికితే మీ యూనివర్సిటీకి దండం పెట్టుండ్రి. దొరకకపోతే కింద రాసింది చదువుండ్రి.

ఈ పరీక్ష నేను చాన కాలేజీల, యూనివర్సిటీల సైట్ల మీద పెట్టి సూసిన. ఎక్కువగ కనపడేది ఒకటే తీరు. పైన పరీక్ష ఫీజు ఆఖరు తారీఖు, టైంటేబుల్, రిజల్ట్, రీవాల్యుయేషన్. పక్కపొంటి ఎర్రక్షరాలతోని "న్యూ" అని కన్నుకొడుతుంటది, తీరా సూస్తే అది రెండేండ్ల కిందటి సర్క్యులర్. కిందికి జరిపితే ఫొటో గ్యాలరీ. జ్యోతి ఎలిగిస్తున్న ఫొటో, మొక్క నాటుతున్న ఫొటో, మొమెంటో ఇస్తున్న ఫొటో. "జరిగింది" అనేది ఉంటది, "జరగబోతున్నది" అనేది ఉండదు. ఎక్కడన్న "ఈవెంట్స్" అని బటన్ ఉన్నా, నొక్కితే అదే గ్యాలరీకి పోతది.

దీంతోని ఎవరికి నష్టం? క్యాంపస్ హాస్టల్‌ల ఉండేటోళ్లకు పెద్దగ లేదు. నోటీస్ బోర్డు ఉన్నది, మెస్‌ల ముచ్చట్లున్నయి, పోస్టర్లు గోడకే ఉంటయి. నష్టం అనుబంధ కాలేజీలల్ల చదివే పిల్లలకు. మన రెండు యూనివర్సిటీలు ఎట్ల పుట్టినయో యాది చేసుకోవాలె. మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007ల, పాలమూరు యూనివర్సిటీ 2008ల వచ్చినయి. అంతకుముందు ఈ జిల్లాల డిగ్రీలన్నీ ఉస్మానియా కిందనే ఉండేటియి. ఎందుకు పెట్టిన్రు? వెనుకబడ్డ జిల్లాల పిల్లలకు పెద్ద సదువు దగ్గరికి రావాలెనని. వచ్చింది, కాదనలేం. కానీ దేవరకొండలనో, కోదాడలనో, అచ్చంపేటలనో, కల్వకుర్తిలనో డిగ్రీ చదివే పిల్లలల్ల చానమంది మూడేండ్లల్ల ఒక్కసారి సుత అన్నెపర్తి కాడి క్యాంపస్ గేటు దాటరు, బండమీదిపల్లి కాడి క్యాంపస్ మెట్టు ఎక్కరు. వాళ్లకు యూనివర్సిటీ అంటే మార్కుల మెమో మీద ఉండే ముద్ర. వాళ్లకున్న ఒకే ఒక్క దర్వాజ ఆ వెబ్‌సైట్. ఆ దర్వాజ వాళ్లతోని ఏం మాట్లాడుతది? ఫీజు కట్టు, హాల్‌టికెట్ తీసుకో, ఫెయిలైతే మల్ల కట్టు. "రా, వచ్చి కూసో, విను" అనే మాట సైట్ మొత్తంల ఒక్క ప్రోగ్రాంల లిస్టే చెప్పగలుగుతది. అదే లేకుంటే అనుబంధ కాలేజీ పిల్లలకు యూనివర్సిటీతోని ఉన్న సుట్టరికం ఉత్త చలాన్ సుట్టరికమే.

ఇండ్ల ఏం పోగొట్టుకుంటున్నమో జర లెక్కేసుకుందాం. జాబ్ మేళా ఉంటది, తెల్లారి పేపర్ల చదివి తెలుసుకుంటం. నెట్, సెట్ పరీక్షలకు ఎట్ల చదవాల్నో చెప్పే వర్క్‌షాప్ ఉంటది. రాజ్యాంగం మీదనో, నీళ్ల మీదనో ఉపన్యాసం ఉంటది. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి బొక్కలు వంగిన కుటుంబాలున్నయి. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరుపడ్డ వలస కుటుంబాలున్నయి. ఈ కుటుంబాల పిల్లలే ఇయ్యాల డిగ్రీలల్ల ఉన్నరు. క్యాంపస్‌ల ఫ్లోరైడ్ మీద సెమినార్ పెడితే, వలస మీద పరిశోధన పత్రం చదివితే, ముందు వరసల కూసోవాల్సింది వీళ్లు. కూసోవుడే కాదు, లేచి "సారూ, మా ఊర్ల అట్ల లేదు" అని చెప్పాల్సింది వీళ్లే.

పీహెచ్‌డీ వైవా ముచ్చట ఇంకా విచిత్రం. యూజీసీ నిబంధనల ప్రకారం వైవా నాలుగు గోడల నడుమ గుసగుస కాదు. పంతుళ్లు, మిగతా పరిశోధక విద్యార్థులు వచ్చి కూసోవచ్చు. తారీఖు ఎవరికీ తెలవకుంటే ఎవరొచ్చి కూసుంటరు? తలుపు తెరిచి పెట్టి, ఇల్లు ఏడున్నదో చెప్పనట్టు.

మరి ముందుగాల ఎందుకు పెట్టరు? పంతుళ్లకు బద్ధకం అనుకుంటరు చానమంది. నా లెక్కల అసలు కారణం అది కాదు. అడిగేటోడు ఎవడో సూడాలె. న్యాక్ అని ఒక సంస్థ ఉన్నది, 1994ల యూజీసీ పెట్టింది, కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడ్లు ఇస్తది. ఆ గ్రేడ్ కోసం మేం ఇన్ని సెమినార్లు చేసినం, ఇంతమంది వచ్చిన్రు అని రుజువులు పెట్టాలె. రుజువంటే రిపోర్టు, హాజరు పట్టీ, జియోట్యాగ్ ఉన్న ఫొటో, అంటే ఏ జాగల తీసిన్రో అక్షాంశం రేఖాంశం పడే ఫొటో. కాబట్టి ప్రోగ్రాం అయిపోంగనే ఫొటోలు ఎక్కించుడు మీద అందరికి సోయి ఉంటది. ఫలానా కార్యక్రమం గురించి జనానికి ఎన్ని దినాల ముందు చెప్పిన్రు అని పట్టుబట్టి అడిగేటోళ్లు లేరు. అడగనిది ఎవరు చేస్తరు? సైట్‌లోని ఈవెంట్స్ పేజీ తనిఖీ చేసేటోళ్ల కోసం తయారైతున్నది, పిల్లల కోసం కాదు. వచ్చేటోళ్ల కోసం రాసిన పేజీ వేరుంటది, వచ్చిపోయిన్రు అని సూపెట్టనీకి రాసిన పేజీ వేరుంటది.

ఇంకో చిక్కు దారిల ఉన్నది. మామూలుగ ఒక శాఖ ప్రోగ్రాం పెట్టుకుంటే ఏమైతది? హెచ్‌వోడీ ఉత్తరం రాయాలె, అది పెద్దాఫీసుకు పోవాలె, సంతకమై వెబ్‌సైట్ సూసుకునే మనిషి కాడికి రావాలె. ఆ మనిషి ఒక్కడే ఉంటడు, ఆయనకు రిజల్ట్‌లు పెట్టుడే పెద్ద పని. చాన చోట్ల ఆయన సుత ఉండడు, సైట్ బయటి కంపెనీకి ఇచ్చి ఉంటరు, మెయిల్ పెట్టి ఎదురుసూడాలె. గీ లోపట ప్రోగ్రాం వచ్చి పోతది.

"వాట్సాప్ గ్రూపులల్ల పెడుతున్నం గదా" అంటరు. పెడుతున్నరు, మంచిదే. కానీ వాట్సాప్ గ్రూప్ అంటే లోపటోళ్లకు లోపటోళ్లు చెప్పుకునుడు. గ్రూప్‌ల ఉన్నోడికే తెలుస్తది, పదిమంది గుడ్ మార్నింగ్ పెట్టంగనే పైకి పోతది, గూగుల్‌ల ఎతికితే దొరకదు. నారాయణపేట కాలేజీల డిగ్రీ రెండో ఏడాది చదివే అమ్మాయిని మహబూబ్‌నగర్ పీజీ డిపార్ట్‌మెంట్ గ్రూప్‌ల ఎవరు కలుపుతరు? ముందు వెబ్‌సైట్‌ల పెట్టి ఆ లింకు వాట్సాప్‌ల తిప్పితే రెండూ పనిచేస్తయి. వాట్సాప్‌ల ఫొటో తిప్పి సైట్‌ను మరిచిపోతే గ్రూప్ బయటోళ్లు గ్రూప్ బయటనే ఉంటరు.

ఇక్కడ ఎనుకటి ముచ్చట ఒకటి చెప్పాలె. 1929ల నిజాం సర్కారు గస్తీ నిషాన్ 53 అని ఒక హుకుం తెచ్చింది. సభ పెట్టాలంటే ముందే సర్కారు ఇజాజత్ తీసుకోవాలె. గసుంటి కాలంల, 1931ల, మన దేవరకొండల ఆంధ్ర మహాసభ రెండో సభ అయింది, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షత. ఫోన్లు లేవు, నెట్ లేదు, అనుమతి దొరుకుడే గగనం. అంతకు ముందే, 1922ల, నల్లగొండకెళ్లి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రిక తీసిండు. తొంభై, నూరేండ్ల కింద మీటింగ్ అంటే పర్మిషన్ కోసం కొట్లాడిన జాగ ఇది. ఇయ్యాల పర్మిషన్ ఉన్నది, హాలు ఉన్నది, మైకు ఉన్నది, గ్రాంట్ ఉన్నది. అదే దేవరకొండ పిల్లకు నల్లగొండ క్యాంపస్‌ల సభ ఎప్పుడో తెలవదు.

సరే, మంచి లిస్టు ఎట్లుండాలె? దీనికి అమెరికా పోవుడు అక్కర లేదు, మన సాటింపేసే మనిషిని యాది చేసుకుంటే సాలు. "రేపు పొద్దుగాల తొమ్మిదింటికి పంచాయతి ఆఫీసు కాడ రేషన్ కార్డుల మీటింగున్నదహో, కార్డు లేనోళ్లందరు రావాలె, ఆధార్ తెచ్చుకోవాలె." ఎప్పుడు, ఏడ, ఏంది, ఎవరు రావాలె, ఏం తెచ్చుకోవాలె, అన్నీ ఒక్క ఊపిరిల అయిపాయె. ఇప్పుడు మన సెమినార్ పోస్టర్ సూడుండ్రి. పైన పన్నెండుమంది పెద్దల పేర్లు, పదవులు, గుండ్రటి ఫొటోలు. నడుమ "ఎమర్జింగ్ ట్రెండ్స్ ఇన్" అని మొదలయ్యే బారెడు ఇంగ్లీషు పేరు. తారీఖు ఏదో మూలకు చిన్నక్షరాల. ఎవరు రావచ్చో రాయరు. అసలు అవసరమైంది ఆ ఒక్క ముక్కనే. "డిగ్రీ, పీజీ పిల్లలెవరైనా రావచ్చు, ఫీజు లేదు" అని రాస్తే సగం మంది భయం పోతది. ఊరి పిల్లలు పెద్ద గేటు కాడ వాచ్‌మన్‌ను సూసి ఎనుకకు మర్లుడు నాకు కొత్త ముచ్చట కాదు.

తారీఖు పక్కన వారం పేరు ఉండాలె, మన పనులన్నీ అంగడి దినం లెక్కనే నడుస్తయి గాబట్టి. ఎప్పుడు మొదలైతదో రాస్తే సాలదు, ఎప్పుడు ఇడుస్తరో సుత రాయాలె. పట్నపోళ్లకు ఇది చిన్న ముచ్చట అనిపించొచ్చు. తండాకు ఆఖరి బస్సు ఎప్పుడో లెక్కేసుకోని ఇంట్ల ఒప్పించుకునే ఆడపిల్లకు అదే పెద్ద ముచ్చట. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంతోని ఆడోళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది. అంటే అరవై కిలోమీటర్లు పోయి ఒక ఉపన్యాసం విని రానీకి చార్జీ అడ్డం లేదు ఇప్పుడు. తారీఖు తెలవకపోవుడే అడ్డం. క్యాంపస్ స్టాప్‌ల బస్సు ఆగుతదా, ఏ బిల్డింగు, ఏ హాలు, ఇవి రెండు ముక్కలల్ల రాయొచ్చు.

భాష ముచ్చట. ప్రోగ్రాం ఇంగ్లీషులనే జరగనీ, లిస్టు మాత్రం తెలుగుల ఉండాలె. సెమినార్ పేరు ఎట్లున్నా, దాని కింద "ఇది దేని గురించి" అని తెలుగుల ఒక్క వాక్యం రాయాలె. రాయలేకపోతున్నరంటే పెట్టేటోళ్లకే అది దేని గురించో సక్కగ తెలవదనుకోవాలె.

ఇగ పోస్టర్ ఫొటోనే పెట్టి ఊకుంటే ఏం నష్టమంటే, చాన నష్టం. ఫొటోల ఉన్న అక్షరాలను గూగుల్ లెక్క సక్కగ పట్టదు, ఎతికితే దొరకదు. చూపు లేని తమ్ముడు ఫోన్‌ను సదివి వినిపించమంటే అది "ఇమేజ్" అని ఊకుంటది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లనే వచ్చింది, సర్కారు వెబ్‌సైట్లు ఎట్లుండాల్నో మార్గదర్శకాలు 2009 సంది ఉన్నయి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ఇంకా అన్యాలం, సిగ్నల్ లేని కాడ తెరుసుకోదు, తెరుసుకున్నా అక్షరం పెద్దగ చేసుకుంటే పక్కకు జారుతది. టైపు చేసిన నాలుగు లైన్లు ఏ ఫోన్‌లనైనా తెరుసుకుంటయి. పోస్టర్ పెట్టుండ్రి, కాదంటలేను. కింద నాలుగు లైన్లు టైపు సుత చేయుండ్రి. నల్లగొండోళ్లకు ఇది ఇంకెక్కువ అవసరం. ఎంజీ యూనివర్సిటీ అని ఎతికితే కేరళ కొట్టాయంల 1983ల పెట్టిన మహాత్మాగాంధీ యూనివర్సిటీ సుత అదే పేరు మీద ఉన్నదాయె. బాపు అందరోడు, పేరు పెట్టుకునుడు తప్పు కాదు. లిస్టుల ప్రతి ప్రోగ్రాంకు "నల్లగొండ" అన్న మాట అక్షరాలల్ల ఉంటెనే మన పిల్లలకు మనది దొరుకుతది.

పేజీ నడిచే తీరు సుత తెలుసుకోవాలె, ఎందుకంటే "టెక్నికల్ ప్రాబ్లం" అనే మాటకు మనం జల్ది బెదురుతం. ఇండ్ల బెదరవలసింది ఏం లేదు. ఒక్కో ప్రోగ్రాం ఒక్కో చీటీ లెక్క. చీటీ మీద పేరు, మొదలయ్యే టైం, అయిపోయే టైం, జాగ, శాఖ, ఎవరు రావచ్చు అని గడులుంటయి. గడులు నింపితే మిగతా పని కంప్యూటర్ చేస్తది. రేపటిది పైన పెడతది, ఎల్లుండిది దాని కింద పెడతది, అయిపోయినదాన్ని దానంతటదే "అయిపోయినయి" అనే సంచిల ఏస్తది. న్యాక్‌కు కావాల్సిన లెక్క ఆ సంచిలనే దొరుకుతది, మల్ల కొత్తగ రాసే పని లేదు. ఒక్కసారి నింపిన చీటీ యూనివర్సిటీ మొదటి పేజీల కనపడొచ్చు, శాఖ పేజీల కనపడొచ్చు. ఐక్యాలెండర్ అనే పద్ధతి 1998 సంది ఉన్నది, దానితోని ప్రోగ్రాం తారీఖు విద్యార్థి ఫోన్ క్యాలెండర్‌లకు నేరుగ ఎక్కుతది, ముందు దినం గంట కొట్టి యాది చేస్తది. గూగుల్ క్యాలెండర్‌ను పైసా లేకుండ సైట్‌ల అతికించొచ్చు. వర్డ్‌ప్రెస్, ద్రూపల్ అసుంటివాటికి ఫ్రీగ దొరికే ఈవెంట్ పరికరాలున్నయి.

సంతకాల తిప్పలకు సుత మందున్నది. ఇంగ్లండ్‌ల కేంబ్రిడ్జి యూనివర్సిటీల ఉపన్యాసాల కోసమే "టాక్స్ డాట్ క్యామ్" అని ఒక సైట్ నడుస్తది. ఏ శాఖ ఉపన్యాసం ఆ శాఖోళ్లే ఎక్కించుకుంటరు, ఒక శాఖ లిస్టును ఇంకో శాఖోళ్లు తమ లిస్టుల కలుపుకుంటరు. అంత పెద్ద యూనివర్సిటీల ప్రతి ఉపన్యాసానికి పెద్దాఫీసు సంతకం పెట్టుకుంట కూసుంటే ఎప్పటికైతది? మన దగ్గర సుత శాఖకు ఒక లాగిన్ ఇచ్చి, ఒక పంతులుకో, ఒక పరిశోధక విద్యార్థికో అప్పజెప్పితే సాలు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ పీజీ సెంటర్లకు సుత ఇయ్యాలె, లేకపోతే పాలమూరు యూనివర్సిటీ అంటే మహబూబ్‌నగర్ ఒక్కటే అన్నట్టైతది. ఇంకోటి, ప్రోగ్రాం రద్దయితే చీటీ తీసేయొద్దు, మీద "రద్దయింది" అని రాయాలె. దూరంకెళ్లి వచ్చేటోడు ఆ పేజీని నమ్మి బస్సెక్కుతడు.

"అసలు మన దగ్గర అన్ని కార్యక్రమాలు జరిగితే గదా పెట్టనీకి" అని ఒక పెద్దమనిషి నాతోని నవ్వుకుంట అన్నడు. మంచి మాటే అన్నడు. లిస్టు ఖాళీగ ఉంటే ఖాళీ అని నలుగురికి కనపడుతది. ఫలానా శాఖ ఆర్నెల్ల సంది ఒక్క ఉపన్యాసం పెట్టలేదని తెలుస్తది. ఎందుకు పెట్టలేదంటే పర్మనెంట్ పంతుళ్లు లేరని, కాంట్రాక్ట్ పంతుళ్లు క్లాసులు చెప్పుడుకే సరిపోతలేరని బయటికొస్తది. ఖాళీ పోస్టుల గురించి మనం చేసే ధర్నా కంటే ఆ ఖాళీ పేజీ గట్టిగ మాట్లాడుతది. ఈ పేజీ అంటే కొందరికి ఇష్టం లేకపోవుడుకు ఇది సుత ఒక కారణమని నా అనుమానం.

చట్టం మన దిక్కే ఉన్నది. 2005 సమాచార హక్కు చట్టం అంటే అర్జీ పెట్టి అడుగుడే అనుకుంటం. నాలుగో సెక్షన్ సదవాలె. అడగకముందే సమాచారం బయటపెట్టాలె, ఇంటర్నెట్‌తో సహా తీరొక్క మార్గంల ఎప్పటికప్పుడు పెడుతుండాలె, జనం అర్జీలు పెట్టే అవసరమే తగ్గాలె అని 4(2) చెప్తది. ఖర్చు, స్థానిక భాష, ఆ ఇలాకల జనానికి చేరే పద్ధతి సూసుకొని చెప్పాలె అని 4(4) చెప్తది. స్థానిక భాష అనే మాట నేను కలిపింది కాదు, చట్టంలనే ఉన్నది. యూనివర్సిటీ సర్కారు సొమ్ముతో నడుస్తది కాబట్టి దానికి ఇది వర్తిస్తది. 2024ల యూజీసీ సుత యూనివర్సిటీలు తమ సైట్లల్ల ఏమేం బయటపెట్టాల్నో మార్గదర్శకాలిచ్చింది, అండ్ల నోటీసులు, ప్రకటనలు, అకడమిక్ క్యాలెండర్ ఉన్నయి.

చేయాలనుకున్నోళ్లు ముందుగాల వీసీకి, రిజిస్ట్రార్‌కు పది కాలేజీల పిల్లల సంతకాలతోని ఒక వినతిపత్రం ఇయ్యుండ్రి. కొట్లాట అక్కర లేదు, ఇచ్చి రసీదు తీసుకోండి. నెల దినాలు సూసి కదలిక లేకుంటే యూనివర్సిటీ పౌర సమాచార అధికారికి సమాచార హక్కు అర్జీ పెట్టుండ్రి. తెల్లకాగితం మీద తెలుగుల రాయొచ్చు. ఫీజు పది రూపాయలు, పోస్టల్ ఆర్డర్ గానీ కోర్టు ఫీజు స్టాంపు గానీ పెట్టొచ్చు. దారిద్ర్య రేఖకు దిగువ ఉన్న కుటుంబాలకు ఆ పది సుత లేదు, కార్డు జిరాక్స్ పెట్టాలె. ఎందుకు అడుగుతున్నరు అని అడిగే హక్కు వాళ్లకు లేదు.

అర్జీల మాత్రం మన యాస పక్కన పెట్టి సక్కగ ఇట్ల రాయుండ్రి: "గత సంవత్సర కాలంలో విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సులు, ఉపన్యాసాలు, కార్యశాలలు, ఉద్యోగ మేళాల జాబితా, ఒక్కొక్క కార్యక్రమం జరిగిన తేదీ, దాని ప్రకటనను వెబ్‌సైట్‌లో ఉంచిన తేదీ, అనుబంధ కళాశాలలకు తెలియజేసిన తేదీ, వెబ్‌సైట్ నిర్వహణ బాధ్యత గల అధికారి హోదా, సెక్షన్ 4(1)(బి) కింద ప్రచురించిన సమాచార ప్రతి ఇవ్వగలరు." అసలు కీలకం ఆ రెండు తారీఖులే. జరిగిన తారీఖు, ప్రకటన పెట్టిన తారీఖు పక్కపక్కన పెడితే ఏది ముందో, ఏది ఎనుకో మనం చెప్పుడు అక్కర లేదు.

ముప్పై దినాలల్ల జవాబు రావాలె. రాకపోయినా, "వెబ్‌సైట్‌లో చూసుకోగలరు" అని ఒక్క లైను రాసి పంపినా, ముప్పై దినాల లోపట అదే యూనివర్సిటీల మొదటి అప్పీలు చేయాలె, ఏ పేజీల, ఏ తారీఖున పెట్టిన్రో చూపించమని అడగాలె. అక్కడ కాకుంటే తొంభై దినాలల్ల హైదరాబాద్‌ల రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఒక్క జాగ్రత్త: వచ్చే నెల ప్రోగ్రాంలేందో చెప్పమని మాత్రం అర్జీల అడగకుండ్రి. జవాబొచ్చేసరికి అవి అయిపోయి, ఫొటోలు గ్యాలరీల ఎక్కి ఉంటయి.